ఆదివారం ఫోను ఆపేసినా మధ్యాహ్నానికే మళ్లీ తెరవాల్సి వస్తోందన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారం. ఆదివారమంతా ఫోను ఆపి విశ్రాంతి తీసుకుందామని రెండు వారాలు ప్రయత్నించినా, ఊళ్లో ఉన్న నాన్నగారు అత్యవసరంగా పిలుస్తారేమోనన్న బెంగతోనూ, కూరగాయల బండి దగ్గర డబ్బు చెల్లించడానికీ మధ్యాహ్నానికే తెరిచేశానని మీరు రాశారు. అది మీ మనోబలంలోని లోపమని నేననుకోను. రోజంతా అన్న నియమమే మన జీవనానికి పొసగదు.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ గ్రామస్థులు 2022లో పెట్టుకున్న పద్ధతి నాకు ఇంతకంటే ఆచరణీయంగా తోస్తుంది. అక్కడ సాయంత్రం 7 గంటలకు గుడిమీది సైరన్ మోగగానే టీవీలు, ఫోన్లు ఆపి, 8:30 వరకు పిల్లలు చదువుకుంటారు, పెద్దలు ముచ్చటించుకుంటారు. మీరు కూడా రోజూ గంటన్నరతో మొదలుపెట్టండి. ఇంటిల్లిపాదీ కలిస్తేనే అది నిలుస్తుంది, ఒక్కరే ఆపితే పక్కవారి రీల్సు చప్పుడు చాలు మనసు లాగడానికి.

నాన్నగారి విషయంలో ఫోనును పూర్తిగా ఆపనక్కరలేదు. 'డు నాట్ డిస్టర్బ్' అమరికలో ఆయన నంబరుకు మాత్రం అనుమతి ఇచ్చి, ఒకే వ్యక్తి వెంటవెంటనే రెండోసారి పిలిస్తే మోగే ఏర్పాటునూ ఎంచుకుని, ఫోనును చేతికందని గదిలో పెట్టండి. కూరగాయలకు రెండు వందల నోటు, తెల్లవారుజామున లేవడానికి మామూలు అలారం గడియారం సరిపోతాయి.