యుద్ధకాలపు పాటకు కొత్త ఆట కట్టండి, నడక మాత్రం మార్చకండి

యుద్ధకాలంలో పుట్టిన పాత పాటలను హిప్‌హాప్ వంటి నేటి నాట్యశైలుల్లో మళ్ళీ ప్రదర్శించడం సబబేనా, అది ఆ పాటలను అవమానించినట్లు కాదా అని అడిగారు. ముమ్మాటికీ సబబే. పెద్దవాళ్ళతో పాటే ఆ పాటలూ మట్టిలో కలిసిపోవడం కంటే పిల్లల కాళ్ళలో బతకడం మేలు. అయితే పాట నడకను, అంటే దాని తాళగతిని, మార్చే హక్కు ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం. రెండేళ్ళ కిందట మా ఇంట్లోనే అది రుజువైంది.

మా నాన్నమ్మ పుట్టినిల్లు కాకినాడ దగ్గరి తాళ్ళరేవు. మా గోదావరి వాళ్ళకు రంగూన్ పరాయి ఊరు కాదు, అది 'రంగం'. కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడ ఎక్కి కూలి పనులకు అక్కడికి పోయినవారు ఎందరో ఉన్నారు గనుకనే బర్మాలో తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అనే పేరు పడింది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, 1942 మార్చిలో ఆ నగరం వారి వశమైంది, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా మా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. బర్మాలో చిక్కుకున్న మనవాళ్ళు అరకాన్ దారినో, అస్సాం కొండల మీదుగానో కాలినడకన బయలుదేరారు. అలా బయలుదేరిన నాన్నమ్మ అన్నగారు ఇల్లు చేరలేదు. కబురు తెలియని ఆ నెలల్లో వాళ్ళ వీధి ఆడవాళ్ళు కోలాటంలో పాడుకున్న పాట ఆవిడ నోట చివరి దాకా నిలిచింది.

"రంగమెళ్ళినావు మావ, రేవు చిన్నబోయెనోయ్" అన్నది దాని పల్లవి. అది తిశ్రగతిలో, మూడేసి మాత్రలతో నడుస్తుంది. చివరి 'నోయ్' తరువాత ఒక దెబ్బ ఖాళీగా వదులుతారు. కోలలు పైకెత్తి పట్టుకుంటారే గాని తాకించరు. ఆ ఖాళీలో అందరూ రేవు వైపు తల తిప్పేవాళ్ళమని నాన్నమ్మ చెప్పేది.

అమలాపురంలో చదువుకుంటున్న నా మేనకోడలు కళాశాల వార్షికోత్సవానికి ఈ పాట కావాలంటే, నాన్నమ్మ గొంతు ఉన్న క్యాసెట్ సంతోషంగా ఇచ్చాను. నేర్పడానికి వచ్చిన మాస్టారు దానికి నాలుగు దెబ్బల డీజే దరువు వేయించారు. రిహార్సల్‌కు వెళ్ళి విన్నాను. మూడు మాత్రల మాట నాలుగింటికి చాలక సాగిపోయింది, 'చిన్నబోయె' అన్నది విరిగి రెండు ముక్కలైంది, గొంతులోని వణుకును యంత్రంతో చదును చేశారు, అన్నిటికీ మించి ఆ ఖాళీని పెద్ద దెబ్బతో పూడ్చేశారు. నాన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్లనిపించి అక్కడ కూర్చోలేకపోయాను.

"నాలుగు దెబ్బలు లేకపోతే మా అడుగులు పడవు మావయ్యా" అంది మేనకోడలు. ఆ సాయంత్రం పెరట్లో దాని చేతికి రెండు కోలలిచ్చి, ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ పల్లవి పాడాను. మొదట తడబడినా, కాసేపటికి మోకాళ్ళు వంచి, భుజం విరిచి ఆ మూడింటి మీదే తన హిప్‌హాప్ అడుగులు వేసింది. ఖాళీ వచ్చేసరికి తల పక్కకు తిప్పి ఉన్నదున్నట్లు బిగుసుకుపోయింది. దాన్ని వాళ్ళు 'ఫ్రీజ్' అంటారట. తాళ్ళరేవు ఆడవాళ్ళు ఆగిన చోటే, ఎవరూ చెప్పకుండానే, ఈ పిల్ల ఆగింది.

విదేశాల్లో 1930, 40ల నాటి స్వింగ్ పాటలకు ఎలక్ట్రానిక్ దరువు జోడించి 'ఎలక్ట్రో స్వింగ్' పేరుతో ఆడుతున్నారు కదా, మనకెందుకీ పట్టింపు అని కొందరు వాదిస్తారు. స్వింగ్ పుట్టుకతోనే నాలుగు దెబ్బల నాట్యసంగీతం గనుక కొత్త దరువు దాని మీద సులువుగా కూర్చుంటుంది. ఆ కొలత తెచ్చి మన కోలాటం పాటకు తొడగడం న్యాయం కాదు. ఇక జానపదం అని ఒక్క ముక్క రాసి, పాట ఏ ఊరిదో, ఎవరు పాడారో చెప్పకుండా ముప్పై సెకన్ల వీడియోలు వదిలేవారిని చూస్తే నాకు ఇంకా బాధ కలుగుతుంది.

వార్షికోత్సవం రోజున అతిథుల ప్రసంగాలు ఎంతకీ ముగియక మా పాటను ఒక్క చరణానికి కుదించారు. అయినా పద్నాలుగు మంది పిల్లలు ఒక్కసారిగా తల తిప్పి ఆగినప్పుడు, స్పీకర్లు మూగబోయి పందిరి వెనక జనరేటర్ మోత ఒక్కటే వినబడింది.

మూడో చరణం మధ్యలో మా క్యాసెట్ తెగిపోయింది. తాళ్ళరేవు, కోరంగి, యానాం వైపు ఎవరి ఇంట్లోనైనా ఈ పల్లవి విన్నవారుంటే, తరువాతి మాటలు దయచేసి ఇక్కడ రాయండి.