విటమిన్ డి ఎక్కువ వేసుకుంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 68. మోకాళ్ల నొప్పులు, తరచూ జలుబు. రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) కాస్త ఎక్కువ, విటమిన్ డి 13 నానోగ్రాములే ఉంది. విటమిన్ డి రిసెప్టర్ వయసుతో వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపు చేస్తుందని చదివాను. రోజూ 10,000 యూనిట్లు వేసుకోవచ్చా?

డాక్టర్ సలహా: వద్దు, సొంతంగా అంత డోసు మొదలుపెట్టకండి. మీరు చదివింది నిజమే, కానీ దాన్నిబట్టి డోసు పెంచేయడం సరికాదు.

ఈ రిసెప్టర్ కణం లోపలుండే ప్రొటీన్. మనకు అందే విటమిన్ డి ముందు లివర్‌లో, తర్వాత కిడ్నీలో మారి కాల్సిట్రయాల్ అవుతుంది. అది వచ్చి అతుక్కోగానే రిసెప్టర్ ఇంకో ప్రొటీన్‌తో జతకట్టి నేరుగా డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను పనిచేయిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. కేంద్రకంలో పని కాబట్టే న్యూక్లియర్ రిసెప్టర్ అన్నారు.

ఇమ్యూనిటీలో దీని పనితనం నాకు ఇప్పటికీ అబ్బురమే. టీబీ క్రిమి దొరికిందనుకోండి, దాన్ని మింగిన మాక్రోఫేజ్ అనే రక్షక కణం కిడ్నీ కోసం ఎదురుచూడదు, రక్తంలోని విటమిన్ డిని లాక్కుని కాల్సిట్రయాల్ తనే తయారు చేసుకుంటుంది, రిసెప్టర్లనూ పెంచుకుంటుంది, దాంతో కాథెలిసిడిన్ అనే క్రిమిని చంపే పదార్థం పుడుతుంది. అదే రిసెప్టర్ మరోపక్క ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు మితిమీరకుండా చూస్తుంది.

వయసు మీదపడేకొద్దీ ఏ ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఈ రసాయనాలు సన్నగా రగులుతూనే ఉంటాయి. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్‌చెస్కీ బృందం దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టింది. సరిగ్గా ఆ వయసులోనే ఎండ నుంచి విటమిన్ డి తయారుచేసే శక్తి చర్మానికి తగ్గుతుంది, కిడ్నీ కూడా మందగిస్తుంది. అందుకే మీకున్న లోటు తీర్చాల్సిందే.

లోటు తీరాక ఇంకా పోస్తే మాత్రం అదే లెక్కన మేలు పెరగదు. అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ ట్రయల్‌లో రోజుకు 2,000 యూనిట్లు ఇస్తే సుమారు ఐదేళ్లలో ఆటోఇమ్యూన్ జబ్బులు (ఇమ్యూనిటీ మన ఒంటి మీదే దాడి చేసేవి) 22 శాతం తక్కువగా వచ్చాయి, గుండెజబ్బులు, క్యాన్సర్లు రావడం మాత్రం తగ్గలేదు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు మహిళలకు ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, వాళ్లు పడిపోవడం, ఎముకలు విరగడం ఎక్కువైంది.

మామూలుగా 70 ఏళ్ల వరకు రోజుకు 600 యూనిట్లు, ఆపైన 800 చాలు. మీలా లోటున్నవాళ్లకు కొన్ని వారాలు ఎక్కువ డోసు ఇస్తాం, అది డాక్టర్ రాసిచ్చినట్టే వాడాలి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, తికమక, కిడ్నీలో రాళ్లు రావచ్చు.

మందు మొదలుపెట్టే ముందు కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పరీక్ష) చూపించుకోండి. సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల రక్షక కణాలు గుంపులుగా పేరుకునే జబ్బు) ఉంటే తప్పకుండా చెప్పండి, ఆ జబ్బులో ఇందాక చెప్పిన మాక్రోఫేజ్‌లే అదుపు లేకుండా కాల్సిట్రయాల్ తయారుచేస్తుంటాయి. సీఆర్‌పీ పెరగడానికి చిగుళ్ల జబ్బు, అధిక బరువు, కీళ్లవాతం కూడా కారణం కావచ్చు, వాటినీ చూపించుకోండి. మూడు నెలల తర్వాత విటమిన్ డి మళ్లీ టెస్ట్ చేయించి, ఆ రిపోర్టును బట్టే డోసు మార్చుకోండి.