ఫ్లాట్ ఈఎంఐ కట్టేది జీతమా, ఆయన సెలవులా?

ప్రశ్న: మాది అత్తాపూర్. మావారికి 34 ఏళ్లు, ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్). కంపెనీ నెలకు 60 గంటల ఫ్లయింగ్‌కి గ్యారంటీ ఇస్తుంది. ఆ గ్యారంటీ వరకే అయితే చేతికి 2.10 లక్షలు వస్తుంది. 85 గంటలు ఎగిరిన నెలలో 2.85 లక్షలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 35 వేలు. ఇంటి అద్దె 32 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, పాప స్కూలు, డేకేర్ కలిపి 12 వేలు. ఖమ్మంలో అత్తమామలకు 20 వేలు పంపిస్తాం. కారు ఈఎంఐ 24 వేలు. పైలట్ ట్రైనింగ్ లోన్ ఇంకా 35 లక్షలు ఉంది, 10.5 శాతం వడ్డీ, ఎనిమిదేళ్లు కట్టాలి, ఈఎంఐ 54 వేలు. దానికి మామగారి పొలం తాకట్టులో ఉంది. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 6 లక్షలు ఉన్నాయి. తెల్లాపూర్‌లో కట్టబోతున్న కోటిన్నర ఫ్లాట్‌కి 2 లక్షలు టోకెన్ ఇచ్చాం. ఫ్లాట్ కోసమని ఈయన ఆఫ్ రోజుల్లో పిలిచినా కాదనరు, మిగిలిన లీవులు కూడా కంపెనీకి అమ్మేస్తున్నారు. నాలుగేళ్ల పాప నాన్నని వీడియో కాల్‌లోనే ఎక్కువ చూస్తోంది. ఆయన గంటలు తగ్గించుకుంటే మా ఇల్లు గడుస్తుందా?

జవాబు: గడుస్తుందమ్మా. ఆ ఫ్లాట్ లేకపోతే హాయిగా గడుస్తుంది.

మీరు అంకెలన్నీ శ్రద్ధగా రాశారు. ఆ అదనపు 75 వేల కోసం ఆయన ఎన్ని రోజులు ఇల్లు వదులుతున్నారన్నది మాత్రం రాయలేదు. ముందు ఆ లెక్క చూద్దాం. విమానం చక్రాలకు అడ్డం పెట్టిన చాక్స్ తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా ఉన్న సమయమే ఫ్లయింగ్ గంటల కింద పడుతుంది. తెల్లవారుజామున వచ్చే పికప్, రిపోర్టింగ్, బ్రెత్ టెస్టు, బ్రీఫింగ్, రెండు సెక్టర్ల, అంటే రెండు ప్రయాణాల, మధ్య ఎదురుచూపు, కదలకముందే ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్లు) ఆపితే పోయే సమయం ఇవేవీ అందులోకి రావు. శంషాబాద్ నుంచి చెన్నై వెళ్లి రావడం, మళ్లీ బెంగళూరు వెళ్లి రావడం అనుకోండి. నాలుగు సెక్టర్లకు లాగ్‌బుక్‌లో పడేది ఓ ఐదు గంటలు. ఇంటి గుమ్మం దాటి మళ్లీ గుమ్మంలో అడుగుపెట్టేసరికి పదకొండు, పన్నెండు గంటలు అయిపోతుంది. మీ పేస్లిప్ ప్రకారం 25 గంటలకు 75 వేలు, అంటే గంటకు 3 వేలు. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కేస్తే అది 1,300 దగ్గరికి పడిపోతుంది. 25 గంటలంటే అలాంటి రోజులు ఐదు. మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకునే సమయాన్ని కలిపితే మరో రెండు మూడు రోజులు. సంపాదన తక్కువని నేననను. కానీ నెలలో వారం రోజులు ఇచ్చి తెచ్చుకుంటున్న డబ్బది.

ఇప్పుడు ఫ్లాట్. కోటిన్నరలో 25 శాతం చేతి నుంచి కట్టాలి, అది 37.5 లక్షలు. కడుతున్న ఇల్లు కాబట్టి 5 శాతం జీఎస్టీ ఏడున్నర లక్షలు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం చొప్పున ఇంకో 11.25 లక్షలు. మొత్తం 56 లక్షల దాకా అవుతుంది, ఇంటీరియర్స్ ఊసు ఎత్తకుండానే. మీ దగ్గర ఉన్నవి 15 లక్షలు. మిగతా 41 లక్షలు ఎక్కడి నుంచి? ఆ అదనపు 75 వేలతోనే కూడబెట్టాలంటే వరుసగా 55 నెలలు కావాలి. అంటే పాప మూడో తరగతికి వచ్చేదాకా ఆయన ఒక్క ఆఫ్ కూడా మిగుల్చుకోకూడదు.

ఆ తర్వాత కోటీ 12.5 లక్షల లోన్. 8 శాతానికి 20 ఏళ్లంటే ఈఎంఐ 94 వేలు. అద్దె పోయి ఆ 94 వేలు వచ్చిందనుకున్నా నెల ఖర్చు 2.49 లక్షలు అవుతుంది, మెయింటెనెన్స్ వేరే. గ్యారంటీ జీతం, మీ జీతం కలిపితే 2.45. అంటే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన గ్యారంటీకి మించి ఎగరాల్సిందే. పైగా అత్తాపూర్ నుంచి శంషాబాద్ ఎంత దూరం, తెల్లాపూర్ నుంచి ఎంత దూరం! మూడు గంటలకు వచ్చే పికప్ రెండున్నరకే వస్తుంది.

మీవారు "ధరలు పెరిగిపోతాయి" అంటారు. పెరగొచ్చు. కానీ జీతం తగ్గిన సందర్భాలూ ఈ రంగం చూసింది. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఎగరడం మానేశాయి. 2020లో రెండు నెలల పాటు దేశంలో మామూలు ప్రయాణికుల విమానమే కదల్లేదు, జీతాల్లో కోతలు పడ్డాయి. గ్యారంటీ అన్నది కంపెనీ రాసుకున్న మాటే, చట్టం కాదు. అందుకే పైలట్ ఇళ్లకు నేను చెప్పేది ఒకటే: స్థిర ఖర్చులన్నీ గ్యారంటీ జీతంలోనే ముగియాలి. పెళ్లి చూపుల్లో "అబ్బాయికి నెలకు మూడు లక్షలట" అని చెప్పుకునేది ఎప్పుడూ మంచి నెల జీతమే.

ఇక మీ ఇల్లు ఇప్పుడు ఎలా నడుస్తోందో చూడండి. ఖర్చులన్నీ కలిపి 1.87 లక్షలు. గ్యారంటీ నెలలోనూ 58 వేలు మిగులుతుంది. అందులో 30 వేలు ట్రైనింగ్ లోన్‌కి అదనంగా కట్టండి. ఎనిమిదేళ్ల అప్పు నాలుగేళ్ల నాలుగు నెలల్లో తీరిపోతుంది. వడ్డీ దాదాపు 8 లక్షలు మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మామగారి పొలం కాగితాలు ఆయన చేతికి వస్తాయి. కొడుకు యూనిఫాం కోసం పొలం పెట్టిన మనిషి ఖమ్మంలో ఉండగా తెల్లాపూర్‌లో గృహప్రవేశం చేయడం నాకైతే రుచించదు. ఇది లెక్క కాదు, నా అభిప్రాయం.

మిగతా 28 వేలు ఎఫ్‌డీలోకి వెయ్యండి. 9 లక్షలు 15 లక్షలు కావడానికి రెండేళ్లు కూడా పట్టదు. ఎనిమిది నెలల ఖర్చు చేతిలో ఉంటే ఆఫ్ రోజున డ్యూటీలు వేసే రోస్టర్ వాళ్లు ఫోన్ చేసినప్పుడు "రాలేను" అనడం చాలా తేలిక. తర్వాత అదే 28 వేలు సిప్‌లోకి మళ్లించండి.

గంటలు తగ్గించుకోవడం అంటే ఆయన రోస్టర్ ఆయనే రాసుకోవడం కాదని మీకు తెలుసు. కంపెనీ వేసిన గంటలు ఎగరాల్సిందే. మానగలిగింది రెండే: ఆఫ్ రోజుల్లో అదనంగా వెళ్లడం, లీవు అమ్మడం. లీవు పెట్టిన నెలలో గ్యారంటీ గంటలు ఆ మేరకు కోస్తారేమో కాంట్రాక్టులో ఒకసారి చూడండి, చాలామంది ఇది చూసుకోరు. వారపు విశ్రాంతిని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 36 గంటల నుంచి 48కి పెంచింది, 2025 జూలై నుంచి అమలవుతోంది. అదే ఏడాది నవంబర్‌లో రాత్రి ల్యాండింగ్‌ల మీద ఆంక్షలు కూడా వచ్చాయి. డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేల కొద్దీ రద్దయి, శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీద కూర్చున్నది అందరం చూశాం. కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోకపోవడం దానికి పెద్ద కారణం. పైలట్లకు గిరాకీ ఉందనుకోవడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. లీవు అమ్మనన్నంత మాత్రాన ఉద్యోగానికి ముప్పేమో అన్న టెన్షన్ మీకు వద్దు.

కమాండ్ వచ్చి కెప్టెన్ అయ్యాక జీతం బాగా పెరుగుతుంది. ఫ్లాట్ మాట అప్పుడు, ఈ లోన్ తీరాక ఎత్తండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఉద్యోగం మానేటప్పుడు ఇవ్వాల్సిన నోటీసు ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు, కెప్టెన్‌కి ఏడాది. వేరే కంపెనీకి మారే ఆలోచన ఉంటే ఈ తేడా పట్టించుకోవాలి.

పన్ను సంగతి. ట్రైనింగ్ లోన్ వడ్డీకి మినహాయింపు పాత విధానంలోనే ఉంది, అదీ ఎనిమిదేళ్ల వరకే, లోన్ ఎవరి పేరిట ఉంటే వాళ్లకే. మీవారి జీతం స్థాయిలో స్టాండర్డ్ డిడక్షన్ కాక ఇంకో 8 లక్షల మినహాయింపులు చూపగలిగితేనే పాత విధానం లాభం. ఈ ఏడాది వడ్డీయే మూడున్నర లక్షల దాకా ఉంటుంది. ఇంటి అద్దె, పీఎఫ్ కలిస్తే అటూ ఇటూగా ఉన్నారు. సీఏతో రెండు లెక్కలూ వేయించండి.

మీరు అడగకపోయినా ఇన్సూరెన్స్ గురించి చెప్పాలి. టర్మ్ పాలసీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే కనీసం రెండు కోట్లకు తీసుకోండి, వృత్తి దాచకుండా రాయండి. దానికన్నా పైలట్లకు అసలైన భయం మెడికల్ పరీక్ష. బీపీ, షుగర్, చెవిలో ఏదో తేడా, మనిషి నిక్షేపంగానే ఉంటాడు కానీ కొన్నాళ్లయినా ఎగరనివ్వరు. మనలాంటి వాళ్లం అదే బీపీ మాత్ర వేసుకుని మర్నాడు ఆఫీసుకి వెళ్తాం. దీనికి లాస్ ఆఫ్ లైసెన్స్ పాలసీ ఉంటుంది. కంపెనీ గ్రూప్ పాలసీలో ఆయన పేరు మీద ఎంత మొత్తం ఉంది, తాత్కాలికంగా అన్‌ఫిట్ అయినప్పుడు కూడా ఏమైనా ఇస్తారా లేక శాశ్వతంగా లైసెన్స్ పోతేనేనా, ఎన్ని నెలలు ఆగాలి అన్నవి హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగమనండి. నోటిమాట వద్దు. ఆ మొత్తం మీ 35 లక్షల అప్పుకన్నా తక్కువ ఉంటే సొంతంగా ఇంకొకటి తీసుకోవాలి.

టోకెన్ సంగతి వెంటనే చూడండి. బుకింగ్ ఫారంలో క్యాన్సిలేషన్ షరతు చదవండి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు కాబట్టి, వాళ్లు ఇప్పుడు తొందరపెట్టేది ఆ 10 శాతం, అంటే 15 లక్షలు, పూర్తి చేయించుకోవడానికే. కట్టకండి. వద్దనుకుంటున్నట్టు మెయిల్ పెట్టి, టోకెన్ వెనక్కి అడగండి. కొంత కోసుకుని ఇస్తామన్నా, అది ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకుని తీసేసుకోండి.