రెండు రోజులకు వచ్చే బంధువులను బయట ఎన్ని చోట్లకు తీసుకువెళ్లాలి?

శని, ఆదివారాలకు మీ అక్కగారి కుటుంబం వస్తోందనీ, డెబ్బై దాటిన ఆవిడ అత్తమామలూ ఐదేళ్ల పాపా వెంట ఉంటారనీ, మీకు దగ్గరలో ఉన్న తోట, చెరువు, కొండ, పక్షుల విడిది అన్నీ రెండు రోజుల్లో ఎలా చూపించాలో తెలియడం లేదనీ అడిగారు. అన్నీ చూపించవద్దన్నదే నా సలహా. రోజుకు ఒక్క చోటు పెట్టుకుని, మిగిలిన పొద్దును ఖాళీగా వదిలేయండి. మా ఇంటికి ఏళ్ల తరబడి ఇలాగే బంధువులు వచ్చి వెళుతున్నారు. తరువాత ఫోనులో మాట్లాడుకునేటప్పుడు వాళ్లు తలుచుకునేది చూసిన చోట్ల పేర్లను కాదు, అక్కడ తీరికగా కూర్చుని చెప్పుకున్న కబుర్లను.

వాళ్లు శుక్రవారం రాత్రి చేరుకుంటే శనివారం ఉదయం ఏ ప్రయాణమూ పెట్టుకోకండి. కొత్త చోట మొదటి రాత్రి చాలామందికి నిద్ర సరిగా పట్టదు. ఆ రాత్రి మెదడు ఎడమ భాగం కుడి భాగమంత గాఢంగా నిద్రపోదనీ, చిన్న చప్పుళ్లకు కూడా ఎక్కువగా స్పందిస్తుందనీ 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. అందువల్ల ఎవరినీ లేపకుండా, లేచినవారు లేచినట్లు తయారయ్యేలా వదిలేసి, ఎండ తగ్గాక దగ్గరలోని తోటకో చెరువుకో వెళ్లడం మేలు. కాస్త పెద్ద ప్రయాణం ఏదైనా ఉంటే దానికి ఆదివారం ఉదయమే సరైన సమయం. అప్పటికి అందరికీ ఇల్లు అలవాటవుతుంది, నడకలో ఎవరి ఓపిక ఎంతో మీకూ తెలుస్తుంది.

కొండ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కను నడిచేవారు ఇప్పటికీ వాడుతున్నారు. మూడు మైళ్ల నడకకు, అంటే సుమారు 5 కిలోమీటర్లకు, ఒక గంట. దానికి తోడు ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. ఈ లెక్కన 3 కిలోమీటర్ల దారిలో వెయ్యి అడుగులు ఎక్కడానికి గంటా ఆరు నిమిషాలు పడుతుంది. కానీ ఇది ఆరోగ్యంగా ఉండి, ఎక్కడా ఆగకుండా నడిచే పెద్దవారి లెక్క. ప్రతి పురుగు దగ్గరా ఆగే పాపా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారూ వెంట ఉంటే నేను దాన్ని రెట్టింపు చేసుకుంటాను, దిగడానికి పట్టే సమయం వేరే. అంత సేపు పడుతుందని తేలినప్పుడు అందరూ కలిసే ఎక్కాలన్న పట్టుదల విడిచిపెట్టండి. ఉత్సాహం ఉన్నవారు బావగారితో ఎక్కుతారు, మిగిలినవారు కింద నీడలో ఉంటారు. అయితే ఆ కింద ఉండిపోయేవారితో ఇంటివారైన మీరే ఉండాలని నా గట్టి అభిప్రాయం. పెద్దవారిని బెంచీ మీద కూర్చోబెట్టి మనం పైకి వెళ్లిపోతే, తమ వల్ల అందరికీ ఇబ్బంది కలుగుతోందని వారు నొచ్చుకుంటారు. మనం పక్కనే కూర్చుంటే ఆ మాటే రాదు. మా అత్తయ్యగారు తన చిన్ననాటి ఇంటి గురించి అన్ని వివరాలతో నాకు చెప్పింది అలా కూర్చున్నప్పుడే. అంతకు ముందు ఎన్నిసార్లు కలుసుకున్నా అంత తీరిక మాకు దొరకలేదు.

వెళ్లే చోట మరుగుదొడ్డి ఎక్కడుందో, అది వాడుకునేలా ఉందో లేదో ముందే కనుక్కుని, బయలుదేరే ముందే పెద్దవారికి చెప్పండి. అది దొరకదేమోనన్న బెంగతో చాలామంది పెద్దలు, ముఖ్యంగా స్త్రీలు, ఉదయం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, అడిగితే దాహం లేదంటారు. ఎండలో ఇది ప్రమాదం. అతినీలలోహిత కిరణాల తీవ్రత ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వేళల్లో నీడలో ఉండేలా చూసుకోండి. వెంట తీసుకువెళ్లిన వండిన పదార్థాలను చల్లని పెట్టె బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలోనైతే గంటకు మించి ఉంచకూడదు. ఉరుము వినిపిస్తే చెట్టు కిందకు వెళ్లకుండా, పక్కా భవనంలోకో తలుపులు మూసిన కారులోకో చేరుకుని, చివరి ఉరుము తరువాత ముప్పై నిమిషాలు ఆగాలి. వాన వల్ల ఆ షికారు ఆగిపోయినా దాని బదులు మరొకటి వెతకనవసరం లేదు, ఇంట్లోనే ఉండండి.

పని విషయానికొస్తే, అక్క సాయం చేస్తానంటే వద్దనకండి. సామాను సర్దుతూ, గిన్నెలు తుడుస్తూ అక్కాచెల్లెళ్లు మాట్లాడుకునే మాటలకు అందరి ముందూ చోటు దొరకదు. చుట్టాలతో పని చేయించడం మర్యాద కాదని కొందరంటారు కానీ, తోబుట్టువుల మధ్య ఆ పట్టింపు వద్దు.

ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు పెద్దవారు ఒక గంట నడుం వాల్చాలి, పాప తడి బట్టలు ఆరాలి, మందుల సంచీ ఎక్కడుందో వెతకాలి. పక్షుల విడిది చూడనేలేదని ఎవరైనా అంటే ఈసారి వచ్చినప్పుడు ముందు అక్కడికే వెళదామని చెప్పండి.