వెళ్ళు... వేళ్ళు

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ నా చదువంతా ఒడియా మీడియం. ఉగాదికి మా వీధివాళ్ళు వేసే నాటికలో నాది కోడలి వేషం. నటించడం ఇదే మొదటిసారి. డైలాగులు ఒడియా లిపిలో రాసుకుని బట్టీ పడుతున్నాను. ఇంట్లో గడగడా వచ్చేస్తాయి. రిహార్సల్లో అత్త వేషం ఆవిడ ఎదురుగా నిలబడితే ఒక్క ముక్క రాదు. ఒకటే టెన్షన్. ఏం చేయను?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒడియా లిపిలో రాసుకుంటే తప్పేం లేదమ్మా. మా పర్లాకిమిడి కుర్రాళ్ళూ చాలామంది అంతే. కాకపోతే ఆ లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ ఒకటే. మా నాటికలో ఒకసారి తండ్రి కొడుకును "వెళ్ళు!" అని గెంటేయాలి. కాగితం చూసి నేర్చుకున్న కుర్రాడు "వేళ్ళు!" అని అరిచాడు. కొడుకు వేషగాడు పాపం తన చేతులు చూసుకున్నాడు. దీర్ఘం పలకాల్సిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీత పెట్టుకో.

ఇక నీ అసలు ఇబ్బంది మరుపు కాదు. నీ మాటలు వచ్చు, అత్త మాటలు రావు. నేనూ అలాగే దెబ్బతిన్నాను. నా మొదటి వేషం నౌకరు, ఆరే డైలాగులు. గోడకేసి చూస్తూ నేర్చుకున్నాను. స్టేజి మీద జమీందారు ఒక వాక్యం మింగేశాడు. నాకు అందాల్సిన మాట అందలేదు, కొయ్యబారిపోయాను. తెర పక్కనుంచి ప్రాంప్టరు "కాఫీ ఇచ్చి వెళ్ళిపో" అని గుసగుసలాడాడు. అదే నా డైలాగనుకుని జమీందారుతో గట్టిగా "కాఫీ ఇచ్చి వెళ్ళిపో" అన్నాను. ఈలలే ఈలలు.

కాబట్టి ముందు అత్త డైలాగులు చదువు. ప్రతిదానికీ కోడలికి ఎక్కడ మండిందో, ఆవిడ చేత ఏం ఒప్పించాలనుకుంటోందో పక్కన రాసుకో. ఇంట్లో ఎవరిచేతనైనా అత్త మాటలు ఫోన్లో రికార్డు చేయించు, నీ జవాబు పట్టేంత ఖాళీ వదలమను. అది పెట్టుకుని గిన్నెలు తోము. చేతులు పనిలో ఉన్నా జవాబు తన్నుకొచ్చిందంటే అది వచ్చినట్టు.

పద్యనాటకాలవాళ్ళు అదృష్టవంతులు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. మాట జారినా అక్షరం అందిస్తుంది. వచనానికి ఆ కొక్కెం లేదు, మనమే తగిలించుకోవాలి. అత్త "పాలు పొంగిపోయాయి" అనగానే నువ్వు కొంగు బొడ్లో దోపుకుంటావనుకో, ఆ దోపుకోవడంతోనే నీ మాట వస్తుంది. అమెరికాలో హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అనే దంపతులు నటుల జ్ఞాపకశక్తి మీద ఏళ్ళ తరబడి పరిశోధించి, కదులుతూ చెప్పిన మాటలే బాగా గుర్తుంటాయని తేల్చారు. అందుకే డైరెక్టరు ఎక్కడ నడవమన్నాడో తెలిశాక, ఆ నడకతోనే చదువు. మంచం మీద పడుకుని చదివింది మంచం మీదే వస్తుంది.

ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోకు. రోజూ అరగంట చాలు. రాత్రి ఒకసారి చదివి పడుకో, పొద్దున్నే కాగితం ముట్టకుండా చెప్పుకో. ఆగిన చోట మాత్రం చూడు.

ప్రాంప్టరుతో ముందే మాట్లాడుకో. మొదటి మాట ఒక్కటే అందించమను. కాఫీ సంగతులు చెప్పొద్దను.