తూకాలను కూడడానికి అంత సమయం ఎందుకు?

రాయగడ ధాన్యం మిల్లు కోసం మీరు సీ భాషలో రాసిన ప్రోగ్రాం, లక్షల రికార్డుల బరువులను కూడడానికి ఎక్కువ సమయం ఎందుకు తీసుకుంటోందని అడిగారు. రైతు పేరును, ఊరిని తెలుగులోనూ ఒడియాలోనూ ఉంచారు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ లిపుల ఒక్కో సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక ఒక్కో రైతు వివరాలన్నీ కలిపి ఉంచే మీ స్ట్రక్చర్ 256 బైట్లకు పెరిగింది. కూడికకు కావలసినది మాత్రం 8 బైట్ల బరువొక్కటే. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు మెమరీ నుంచి ఒక్కసారికి తెచ్చే ముక్క అయిన 64 బైట్ల క్యాష్ లైన్‌ను మొత్తంగా తెచ్చుకుంటాయి కాబట్టి, ప్రతి బరువుకూ ఒక కొత్త లైన్ వచ్చి, అందులో 56 బైట్లు వృథా అవుతున్నాయి.

బరువులను విడిగా ఒక డబుల్ అర్రేలో, అంటే 8 బైట్ల దశాంశ సంఖ్యల వరుసలో, పెట్టండి. ఒకే లైన్‌లో 8 బరువులు వస్తాయి, వరుసగా చదువుతారు కనుక ప్రాసెసర్‌లోని ప్రీఫెచర్ అనే భాగం తర్వాతి లైన్లను ముందుగానే తెచ్చి ఉంచుతుంది. మిగతా వివరాలను స్ట్రక్చర్‌లోనే ఉంచి, రెండింటికీ ఒకే ఇండెక్స్ (వరుస సంఖ్య) వాడండి. రశీదు ముద్రణకు ఒక రైతు వివరాలన్నీ ఒకేసారి కావాలి కాబట్టి వాటిని మాత్రం విడదీయవద్దు.