ఎం-1 రెండుసార్లు పోయిందా? ముందు తొమ్మిదో తరగతి పుస్తకం తియ్యి

ఎం-1, అంటే మ్యాథ్స్-1 పేపరు, రెండుసార్లు తప్పానని, ఇంటిగ్రేషన్ రాగానే ఆగిపోతున్నానని రాశావు. నువ్వు ఆగిపోతున్నది ఇంటిగ్రేషన్ దగ్గర కాదు తమ్ముడూ, దానికి ముందున్న ఆల్జీబ్రా దగ్గర. 9, 10 తరగతుల్లో లెక్కల సారు లేక గైడు బట్టీ పట్టామన్నావు కదా, ఆ లోటే ఇది. నీ తప్పు కాదు.

1. పాత పేపరు ఒకటి మళ్లీ చెయ్యి. పెన్ను ఆగిన ప్రతిచోటా, అది ఏ తరగతి పాఠమో పక్కన రాయి. అందరూ వదిలేసేది ఇదే, నేరుగా ట్యూషన్‌కి పరిగెడతారు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 1ని ఎక్స్ మైనస్ 1, ఎక్స్ ప్లస్ 1గా విడగొట్టలేక పాక్షిక భిన్నాల (పార్షియల్ ఫ్రాక్షన్స్) లెక్క వదిలేశావంటే, అది తొమ్మిదో తరగతి పాఠం.

2. ఆ అధ్యాయాలే చెయ్యి, రోజూ గంట. ఇంట్లో కుదరకపోతే విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చో.

3. త్రికోణమితి సూత్రాలు చూడకుండా రాయగలిగాకే ఎం-1 ముట్టుకో.